మందపాటి గోడ, ఊదా రంగు: గొంతు నుంచి గుండె దాకా జబ్బులు తెచ్చే గ్రామ్ పాజిటివ్ బ్యాక్టీరియా

పుండు నుంచి తీసిన చీమునో, గొంతులోంచి తీసిన స్వాబ్‌నో ల్యాబ్‌కు పంపిస్తే మొదటి రోజే ఒక చిన్న రిపోర్టు వస్తుంది. అందులో 'గ్రామ్ పాజిటివ్ కాకై, గుత్తులుగా ఉన్నాయి' అనో, 'గ్రామ్ పాజిటివ్ బాసిల్లై' అనో ఒక లైను ఉంటుంది. అసలు కల్చర్ రిపోర్టుకు రెండు మూడు రోజులు పడుతుంది. ఈలోగా ఏ మందు మొదలుపెట్టాలో డాక్టరు ఆ ఒక్క లైను చూసే నిర్ణయిస్తారు. ఇంట్లోవాళ్లు మాత్రం ఆ కాగితాన్ని మడిచి ఫైలులో పెట్టేస్తారు. కాకై అంటే గుండ్రటివి, బాసిల్లై అంటే కడ్డీలా పొడుగ్గా ఉండేవి. మరి గ్రామ్ అంటే? అది బరువు కొలిచే గ్రాము కాదు, ఒక మనిషి పేరు.

హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ డెన్మార్క్ డాక్టరు. 1884లో ఆయన బెర్లిన్‌లో ఉండి, న్యుమోనియాతో చనిపోయినవారి ఊపిరితిత్తుల ముక్కల్ని మైక్రోస్కోపు కింద పరీక్షించేవారు. అక్కడ ఒక చిక్కు వచ్చింది. రంగు వేస్తే బ్యాక్టీరియాతో పాటు మనిషి కణాలు కూడా అదే రంగు పట్టేవి. ఏది ఏదో తేలేది కాదు. ఆయన ముందు ఊదా రంగు వేసి, తర్వాత అయోడిన్ ద్రావణం పోసి, ఆపైన ఆల్కహాల్‌తో కడిగి చూశారు. మనిషి కణాల్లోంచి రంగు పోయింది, బ్యాక్టీరియాలో నిలిచిపోయింది. అయితే అన్నింట్లోనూ నిలవలేదు, కొన్ని రకాలు రంగు వదిలేశాయి. అందుకే తన పద్ధతి ఇంకా లోపాలతోనే ఉందని, ఇతరులకైనా పనికొస్తుందేమో అని గ్రామ్ తన వ్యాసంలో రాసుకున్నారు. ఆయన లోపం అనుకున్నదే తర్వాత వైద్యశాస్త్రానికి పెద్ద ఆసరా అయింది. రంగు నిలుపుకునేవి ఒక జాతి, వదిలేసేవి ఇంకో జాతి. వదిలేసిన వాటికి చివర్లో గులాబీ రంగు వేయడం వేరేవాళ్లు జోడించారు. ఊదాగా కనిపిస్తే గ్రామ్ పాజిటివ్, గులాబీగా కనిపిస్తే గ్రామ్ నెగటివ్. నూట నలభై ఏళ్లయినా ప్రతి ల్యాబ్‌లో ఇప్పటికీ ఇదే చేస్తున్నారు. పది నిమిషాల పని, ఖర్చు కూడా తక్కువే.

పేరులో పాజిటివ్ ఉంది కదా అని మంచిదనీ, నెగటివ్ అంటే జబ్బు లేదనీ అనుకునేవాళ్లు ఉన్నారు. ఆ రెండింటికీ ఇక్కడ సంబంధం లేదు. హజ్ ప్రయాణికులకు తప్పనిసరిగా వేసే మెనింజైటిస్ టీకా ఏ బ్యాక్టీరియా కోసమో, అది గులాబీగా కనిపించే గ్రామ్ నెగటివ్ రకమే. ప్రాణాలు తీయడంలో అది ఎవరికీ తీసిపోదు.

ఒకే గది ఇల్లు

బ్యాక్టీరియా అంటే ఒకే ఒక్క కణం. స్టెఫిలోకాకస్ లాంటి గుండ్రటి బ్యాక్టీరియా అడ్డంగా సుమారు ఒక మైక్రాన్ ఉంటుంది. అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తల వెంట్రుక మందంలో ఇలాంటివి అరవై డెబ్బై పక్కపక్కన పడతాయి. మన కణంలో న్యూక్లియస్ అని విడిగా ఒక గది ఉంటుంది, అందులో డీఎన్ఏ భద్రంగా ఉంటుంది. బ్యాక్టీరియాలో ఆ ఏర్పాటు లేదు. ఉన్నదంతా ఒకే గది, డీఎన్ఏ మధ్యలో చుట్ట చుట్టుకుని అలాగే పడి ఉంటుంది. దాని పక్కన ప్లాస్మిడ్లు అనే చిన్న చిన్న డీఎన్ఏ రింగులు కూడా ఉండొచ్చు. ఈ రింగుల్ని ఒక బ్యాక్టీరియా ఇంకోదానికి అందిస్తుంది. మందుకు లొంగకుండా ఉండే ఉపాయం ఒకదాని నుంచి మరోదానికి పాకేది ఎక్కువగా ఇలాగే.

ప్రొటీన్లు తయారుచేసే రైబోజోములు మనలోనూ ఉన్నాయి, బ్యాక్టీరియాలోనూ ఉన్నాయి. అయితే వాటివి చిన్నవి, నిర్మాణం వేరు. అజిత్రోమైసిన్, డాక్సీసైక్లిన్ లాంటి మందులు ఆ తేడాను పట్టుకుని వాటి రైబోజోముల్ని మాత్రమే ఆపుతాయి. కొన్ని బ్యాక్టీరియాకు ఈదడానికి తోకలు, అంటుకోవడానికి సన్నటి నూగు ఉంటాయి. కొన్నింటికి ఒంటి చుట్టూ జిగురు కోటు ఉంటుంది. న్యుమోనియా తెచ్చే న్యూమోకాకస్‌కు ఆ కోటే అసలు బలం. కోటు ఉంటే తెల్లరక్తకణాలకు అది చిక్కదు, జారిపోతుంది. కోటు లేని న్యూమోకాకస్‌ను శరీరం తేలిగ్గా మింగేస్తుంది. చిన్నపిల్లలకు వేసే న్యూమోకోకల్ టీకా ఆ కోటును గుర్తుపట్టడమే శరీరానికి నేర్పుతుంది. మన దేశంలో ప్రభుత్వ టీకాల్లో దీన్ని 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలుపెట్టి, 2021 నాటికి దేశమంతా విస్తరించారు. ఆరు వారాలు, పద్నాలుగు వారాలు, తొమ్మిది నెలలు, మొత్తం మూడు డోసులు. ప్రైవేటులో వేల రూపాయలు అయ్యే ఈ టీకా సర్కారు దవాఖానాలో ఉచితం.

ఇక అన్నింటికంటే ముఖ్యమైనది గోడ.

బ్యాక్టీరియా లోపల ఒత్తిడి విపరీతంగా ఉంటుంది. గ్రామ్ పాజిటివ్ వాటిలో అది కారు టైరులోని గాలి ఒత్తిడి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. గోడ లేకపోతే నీళ్లు లోపలికి చొరబడి బుడగలా పగిలిపోతుంది. ఆ గోడ పెప్టిడోగ్లైకాన్ అనే పదార్థంతో తయారవుతుంది. నవ్వారు మంచం అల్లిక చూసినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. నిలువునా చక్కెర అణువుల గొలుసులు ఉంటాయి, వాటిని అడ్డంగా కట్టిపడేసే పొట్టి ప్రొటీన్ ముక్కలు ఉంటాయి. గ్రామ్ పాజిటివ్ బ్యాక్టీరియాలో ఈ అల్లిక పొరమీద పొరగా ఉంటుంది. మొత్తం మందం 20 నుంచి 80 నానోమీటర్లు. గ్రామ్ నెగటివ్ వాటిలో అల్లిక పల్చన, కానీ దానిపైన కొవ్వుతో చేసిన ఇంకో పొర ఉంటుంది. ఒకటి గోల్కొండ గోడలా మందంగా ఉంటే, ఇంకోటి పల్చటి గోడ కట్టి పైన టార్పాలిన్ కప్పుకున్నట్టు ఉంటుంది.

గ్రామ్ రంగు రహస్యం కూడా ఇక్కడే ఉంది. ఊదా రంగు, అయోడిన్ కలిసి గోడ లోపల పెద్ద ముద్దలుగా మారతాయి. ఆల్కహాల్ పోయగానే మందపాటి గోడలోని నీరు పోయి అది బిగుసుకుంటుంది, సందులు మూసుకుంటాయి, రంగు లోపలే చిక్కుకుంటుంది. గ్రామ్ నెగటివ్ వాటిలో అదే ఆల్కహాల్ పైన ఉన్న కొవ్వు పొరను కరిగించేస్తుంది. పల్చటి గోడ రంగును ఆపలేదు. క్షయ బ్యాక్టీరియా మాత్రం ఈ రెండు లెక్కల్లోనూ సరిగా ఇమడదు. దాని గోడ మైనం పూసినట్టు ఉంటుంది, గ్రామ్ రంగు సరిగా పట్టదు. అందుకే కళ్లెకు వేరే పద్ధతిలో ఎర్ర రంగు వేసి చూస్తారు.

ఈ గోడ మన కణాలకు లేదు. పెన్సిలిన్ మనిషిని వదిలేసి బ్యాక్టీరియాను చంపగలగడానికి కారణం ఇదే. 1928లో లండన్‌లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ బూజులో కనిపెట్టిన ఈ మందు, గోడ అల్లికలో అడ్డంగా ముడులు వేసే ఎంజైమ్‌ను పట్టేసుకుంటుంది. బ్యాక్టీరియా పెరుగుతూ ఉంటుంది, కొత్త గోడకు ముడి పడదు, లోపలి ఒత్తిడికి అదే పగిలిపోతుంది. అంతకు ఆరేళ్ల ముందే ఫ్లెమింగ్ లైసోజైమ్ అనే ఇంకో పదార్థాన్ని కనిపెట్టారు. ఇది మన కన్నీళ్లలో, లాలాజలంలో ఉండి ఇదే గోడను కోసేస్తుంది. కంట్లో రోజంతా దుమ్ము పడుతున్నా ప్రతిసారీ ఇన్‌ఫెక్షన్ రాకపోవడానికి ఇదీ ఒక కారణం.

గొంతునొప్పి మానింది, గుండె మిగిలింది

స్ట్రెప్టోకాకస్ పయోజెనెస్ మైక్రోస్కోపులో ముత్యాల దండలా వరుసగా కనిపిస్తుంది. బడికి వెళ్లే పిల్లల్లో, ముఖ్యంగా ఐదు నుంచి పదిహేనేళ్ల వాళ్లలో గొంతునొప్పి తెస్తుంది. అన్ని గొంతునొప్పులూ దీనివల్ల కాదు, ఎక్కువ శాతం వైరస్‌లవే. జలుబు, ముక్కు కారడం, దగ్గు కూడా ఉంటే వైరస్ అయి ఉండొచ్చు. అవేవీ లేకుండా ఉన్నట్టుండి జ్వరం, మింగలేనంత నొప్పి, మెడ ముందు గ్రంథులు వాచి నొక్కితే నొప్పి, టాన్సిల్స్ మీద తెల్లటి మచ్చలు ఉంటే డాక్టరు స్ట్రెప్టోకాకస్‌ను అనుమానిస్తారు.

ఈ నొప్పి మందు వేసినా వేయకపోయినా వారం లోపు తగ్గిపోతుంది. మోసం ఇక్కడే. ఈ బ్యాక్టీరియా గోడ మీద ఉండే ఎమ్-ప్రొటీన్ పోలిక మన గుండె కండరాల్లోని ప్రొటీన్లకు దగ్గరగా ఉంటుంది. దాన్ని కొట్టడానికి శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీలు పొరబడి సొంత గుండె మీద పడతాయి. గొంతు మానిన రెండు మూడు వారాలకు మళ్లీ జ్వరం, ఇవాళ మోకాలు రేపు మోచెయ్యి అన్నట్టు కీళ్లు మారుతూ వాచడం, ఆయాసం మొదలవుతాయి. ఇదే రుమాటిక్ ఫీవర్. కీళ్ల నొప్పులు పూర్తిగా తగ్గుతాయి, గుండె కవాటాలు మాత్రం గట్టిపడి మిగిలిపోతాయి. చాలామంది అమ్మాయిల్లో ఈ సంగతి బయటపడేది పెళ్లయి కడుపుతో ఉన్నప్పుడే. అప్పుడు రక్తం పరిమాణం పెరుగుతుంది, ఇరుకైన కవాటం తట్టుకోలేదు. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం, పడుకుంటే ఊపిరాడకపోవడం. నీరసం వల్లేనని ఇంట్లో అనుకుంటారు.

గొంతునొప్పి మొదలైన తొమ్మిది రోజుల లోపు సరైన మందు మొదలుపెట్టినా రుమాటిక్ ఫీవర్‌ను ఆపవచ్చు. ఆ మందు పాత పెన్సిలిన్, లేదా దాని కుటుంబానికే చెందిన అమాక్సిసిలిన్, పది రోజులు. ఇన్నేళ్లుగా వాడుతున్నా ఈ ఒక్క బ్యాక్టీరియా పెన్సిలిన్‌కు ఇంకా లొంగుతూనే ఉంది. అజిత్రోమైసిన్‌కు మాత్రం లొంగని రకాలు వచ్చేశాయి. గొంతునొప్పి అనగానే చీటీ లేకుండా మెడికల్ షాపులో మూడు అజిత్రోమైసిన్ మాత్రలు తెచ్చి వేసే అలవాటు మరి దేనికి పనికొస్తున్నట్టు? వైరస్ అయితే ఆ మాత్ర పనిచేయదు, స్ట్రెప్టోకాకస్ అయితే సరిపోకపోవచ్చు. పెన్సిలిన్ పడనివాళ్లకు వేరే మందులు ఉన్నాయి, అది డాక్టరు చెప్పాల్సిన సంగతి.

ఒకసారి రుమాటిక్ ఫీవర్ వచ్చిన పిల్లలకు మూడు నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ వేయిస్తూనే ఉండాలి. ఎన్నేళ్లన్నది గుండె పరిస్థితిని బట్టి ఉంటుంది. కవాటం బాగా దెబ్బతింటే నలభై ఏళ్ల వయసు దాకా కూడా వేస్తారు. పిల్లాడు హుషారుగా ఉన్నాడు కదా, ఇంజెక్షన్ నొప్పి అంటున్నాడు కదా అని మానేస్తే, తర్వాత వచ్చే మామూలు గొంతునొప్పే కవాటాన్ని ఇంకాస్త పాడుచేస్తుంది.

ఖునాఖ్ ఇంకా పోలేదు

తెలుగులో కంఠసర్పి, ఉర్దూలో ఖునాఖ్, డాక్టర్ల భాషలో డిఫ్తీరియా. పాత తరం వాళ్లకు ఈ పేరు వింటేనే భయం. కొత్త తరంలో చాలామంది వినలేదు కూడా. హైదరాబాద్‌లో మాత్రం ఇది పూర్తిగా ఎన్నడూ పోలేదు. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి ఏళ్ల తరబడి డిఫ్తీరియా పిల్లలు వస్తూనే ఉన్నారు.

దీన్ని తెచ్చే కొరినిబ్యాక్టీరియం డిఫ్తీరియే ఊదా రంగు పట్టే కడ్డీ. ఒక చివర లావుగా ఉండి గదలా కనిపిస్తుంది. విచిత్రం ఏమంటే ఈ బ్యాక్టీరియాకు సొంతంగా విషం లేదు. దానికి ఒక వైరస్ సోకి, ఆ వైరస్ తెచ్చిన జన్యువు దాని డీఎన్ఏలో కలిసినప్పుడే విషం తయారవుతుంది. విషం లేని రకం గొంతులో ఉన్నా ఈ ప్రాణాంతకమైన జబ్బు రాదు.

మొదట మామూలు గొంతునొప్పే. జ్వరం కూడా పెద్దగా ఉండదు, అందుకే ఎవరూ పట్టించుకోరు. ఒకటి రెండు రోజుల్లో టాన్సిల్స్ మీద బూడిద రంగు పొర కడుతుంది. గీకితే ఊడి రాదు, రక్తం వస్తుంది. చనిపోయిన కణాలు, బ్యాక్టీరియా, గడ్డకట్టిన రక్తం కలిసి ఏర్పడిన పొర అది. కిందికి పాకితే శ్వాసనాళం మూసుకుపోతుంది. మెడ రెండు వైపులా వాచి ఎద్దు మెడలా అవుతుంది. ఊపిరి అందినా గండం గడిచినట్టు కాదు. విషం రక్తంలో కలిసి గుండె కండరాన్ని, నరాలను పట్టుకుంటుంది. తాగిన నీళ్లు ముక్కులోంచి రావడం, మాట ముక్కుతో మాట్లాడినట్టు మారడం అంగిలి నరాలు దెబ్బతిన్న గుర్తు. గొంతు నయమైందని ఇంటికి తీసుకొచ్చిన పిల్లలు తర్వాతి వారాల్లో గుండె ఆగి పోయిన సందర్భాలు ఉన్నాయి. అందుకే డాక్టర్లు మంచం దిగనివ్వరు.

యాంటీబయాటిక్ బ్యాక్టీరియాను చంపుతుంది, అప్పటికే తయారైన విషాన్ని ఏమీ చేయలేదు. విషానికి విరుగుడు యాంటీటాక్సిన్. దీన్ని గుర్రాల రక్తం నుంచి తయారుచేస్తారు. ఈ దారి చూపిన ఎమిల్ ఫాన్ బేరింగ్‌కు 1901లో వైద్యశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి ఇచ్చారు. అయితే యాంటీటాక్సిన్ రక్తంలో తిరుగుతున్న విషాన్నే పట్టగలదు, కణంలో దూరిపోయినదాన్ని వెనక్కి తేలేదు. కాబట్టి ల్యాబ్ రిపోర్టు కోసం కూడా ఆగకుండా అనుమానం రాగానే ఇస్తారు. ఒక్కో రోజు ఆలస్యానికి ప్రమాదం పెరుగుతూ పోతుంది.

ఇంత ప్రమాదకరమైన జబ్బుకు టీకా చౌకలో చౌక. అందులో బ్యాక్టీరియా ఉండదు, కోరలు పీకిన దాని విషం మాత్రమే ఉంటుంది. సమస్య ఏమంటే పాపాయిగా ఉన్నప్పుడు వేయించిన మూడు డోసులతోనే అయిపోయిందని చాలామంది అనుకుంటారు. ఆరు, పది, పద్నాలుగు వారాల్లో వేసే పెంటావాలెంట్‌తో వచ్చిన రక్షణ ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది. అందుకే పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య డీపీటీ బూస్టరు, ఐదారేళ్లకు ఇంకో డీపీటీ, పదేళ్లకు టీడీ, పదహారేళ్లకు మళ్లీ టీడీ ఉన్నాయి. ఇప్పుడు డిఫ్తీరియాతో ఆసుపత్రికి వచ్చేవాళ్లలో బడి పిల్లలు, టీనేజీ వాళ్లు కనిపించడానికి ఈ తప్పిపోయిన బూస్టర్లే ప్రధాన కారణం. ఇల్లు మారడం, కార్డు పోవడం, డీపీటీ వేయించిన రాత్రి జ్వరం వచ్చిందని అమ్మమ్మో నానమ్మో వద్దనడం, కారణాలు ఇలాంటివే. ఆ జ్వరం ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. కార్డు పోయినా, వయసు దాటినా మిగిలిన డోసులు వేయించుకోవచ్చు. బస్తీ దవాఖానాలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడిగితే ఏది మిగిలిందో చూసి చెబుతారు. ఇంట్లో ఒకరికి ఖునాఖ్ వస్తే మిగతా అందరికీ గొంతు స్వాబ్, యాంటీబయాటిక్, అవసరమైతే బూస్టరు ఇస్తారు. దీన్ని ఎవరూ అవమానంగా తీసుకోవాల్సిన పని లేదు.

దావత్ దేగులో ముగ్గురు

పెళ్లి దావత్ తర్వాత పదిమందికి వాంతులు, విరేచనాలు అన్న వార్త ప్రతి ఏడూ వస్తుంది. మాంసం పాడైందనో, నీళ్లు బాగోలేవనో అంటారు. కొన్నిసార్లు అదే నిజం. కానీ ఈ వార్తల వెనుక తరచూ ఉండే గ్రామ్ పాజిటివ్ బ్యాక్టీరియా మూడు ఉన్నాయి. వంట బాగా ఉడికినా ఇవి పట్టుకుంటాయి.

మొదటిది బాసిల్లస్ సీరియస్, అన్నం మీద బతికేది. వరి పొలం మట్టిలోంచి బియ్యంతో పాటు ఇంటికి వస్తుంది. కష్టకాలం వస్తే ఇది తన డీఎన్ఏను గట్టి పెంకులో దాచుకుంటుంది. దాన్ని స్పోర్ అంటారు. అన్నం ఉడికే వేడికి స్పోర్లు చావవు. వండిన బిర్యానీ, బగారా అన్నం గిన్నెలో గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే స్పోర్లు మొలకెత్తి విషం తయారుచేస్తాయి. తిన్న అరగంట నుంచి ఆరు గంటల లోపు వాంతులు.

రెండోది స్టెఫిలోకాకస్ ఆరియస్. ఇది అన్నంలోంచి కాదు, వడ్డించే చేతుల్లోంచి, ముక్కులోంచి వస్తుంది. వేలికి చీము పట్టిన పుండు ఉన్న మనిషి ఖుర్బానీ కా మీఠాలో క్రీమ్ కలిపితే చాలు. ఇదీ గంటల్లోనే వాంతులు చేయిస్తుంది.

మూడోది క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్. మాంసం, పెద్ద దేగు, నెమ్మదిగా చల్లారడం, ఇవి దానికి ఇష్టం. గాలి తగలని చోటే పెరుగుతుంది. నలభై మూడు నలభై ఐదు డిగ్రీల వెచ్చదనంలో దాదాపు పది నిమిషాలకోసారి రెట్టింపు అవుతుంది. పెద్ద దేగులో హలీమో, ఖోర్మానో పైన చల్లారినట్టు కనిపించినా మధ్యలో గంటల కొద్దీ అదే వేడిలో ఉంటుంది. దీనితో వాంతులు తక్కువ. రాత్రి తింటే మర్నాడు పొద్దున కడుపులో మెలిపెట్టే నొప్పి, విరేచనాలు.

మళ్లీ వేడి చేస్తే సరిపోతుందా అన్నదే వంటింట్లో అసలు ప్రశ్న. మూడోదానికి పొగలు కక్కేలా లోపలిదాకా వేడి చేస్తే బ్యాక్టీరియా చస్తుంది, ఎందుకంటే అది విషం తయారుచేసేది మన పేగులోకి చేరాకే. మొదటి రెండింటికి ఆ ఉపాయం పనిచేయదు. అవి విషాన్ని ముందే అన్నంలో, మీఠాలో వదిలేసి ఉంటాయి. ఆ విషాలు మరిగించినా విరగవు. రుచిలో, వాసనలో తేడా కూడా తెలియదు. రంజాన్‌లో ఇఫ్తార్‌కు వండినది సెహరీ దాకా పొయ్యి గట్టు మీదే మూతపెట్టి ఉంచే ఇళ్లు చాలా ఉన్నాయి. అంటే తొమ్మిది పది గంటలు. మిగిలినదాన్ని రెండు గంటల లోపు, మండే ఎండాకాలంలో అయితే గంటలోపే, వెడల్పాటి పళ్లేల్లోకి పల్చగా సర్ది ఫ్రిజ్‌లో పెట్టడం మేలు. గిన్నె గిన్నెగా పెడితే ఫ్రిజ్‌లో కూడా మధ్యభాగం చల్లారడానికి గంటలు పడుతుంది.

వాంతులు, విరేచనాలు పట్టుకున్నవాళ్లకు ముందు ఇవ్వాల్సింది ఓఆర్ఎస్. ఈ మూడింట్లో దేనికీ మామూలుగా యాంటీబయాటిక్ అవసరం పడదు.

ముక్కులో కాపురం, ఆసుపత్రిలో పెత్తనం

పైన చెప్పిన స్టెఫిలోకాకస్‌కే ఇంకో ముఖం ఉంది. గుత్తులుగా కనిపిస్తుంది కాబట్టి గ్రీకు భాషలో ద్రాక్ష గుత్తి అన్న మాట నుంచి 1880ల మొదట్లో స్కాట్లాండ్ సర్జన్ అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ దీనికి పేరు పెట్టారు. సుమారు ప్రతి ముగ్గురిలో ఒకరి ముక్కులో ఇది ఏ హానీ చేయకుండా ఉంటుంది. చర్మం తెగితే అదే సెగగడ్డ, కంటి కురుపు. ఇంకా లోతుకు వెళ్తే ఎముకలో చీము, ఊపిరితిత్తుల్లో, గుండె కవాటాల మీద ఇన్‌ఫెక్షన్. షుగర్ ఉన్నవాళ్ల కాలి పుండ్లలో తరచుగా దొరుకుతుంది. ముక్కు మీద, పై పెదవి మీద లేచిన గడ్డను పిండకూడదని డాక్టర్లు చెప్పేది ఊరికే కాదు. అక్కడి సిరలకు మెదడు వైపు దారి ఉంది.

పెన్సిలిన్ వాడకంలోకి వచ్చిన కొన్నేళ్లకే దీనిలో లొంగని రకాలు పుట్టాయి. 1959లో వాటికోసం మెథిసిలిన్ తెచ్చారు. 1961లోనే ఇంగ్లండ్‌లో దానికీ లొంగని రకం దొరికింది. ఎమ్ఆర్ఎస్ఏ అని ఆసుపత్రుల్లో వినిపించేది అదే. అది చేసిన పని చిన్నదే. గోడకు ముడులు వేసే ఎంజైమ్‌లో వేరే రకాన్ని తెచ్చుకుంది, ఇప్పుడు పెన్సిలిన్ కుటుంబం మందులు దానికి అతుక్కోవు. అప్పుడు వాంకోమైసిన్ లాంటి మందులు సెలైన్‌లో ఎక్కించాల్సి వస్తుంది. మన దేశంలో 2014 నుంచి షెడ్యూల్ హెచ్1 కింద కొన్ని యాంటీబయాటిక్‌లను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, ఎవరికి అమ్మారో రిజిస్టరులో రాయాలి. గల్లీ చివరి షాపుల్లో ఇది ఎంతమేరకు జరుగుతోందో చదివేవాళ్లకు చెప్పనక్కర్లేదు.

మరిగించినా చావని స్పోరు

ధనుర్వాతం తెచ్చే క్లాస్ట్రీడియం టెటాని మట్టిలో, పశువుల పేడలో స్పోరుగా ఏళ్ల తరబడి పడి ఉంటుంది. గాలి తగలని లోతైన గాయంలో చేరితే మొలకెత్తి విషం వదులుతుంది. కండరాలను వదులు చేసే నరాల సంకేతాన్ని ఆ విషం ఆపేస్తుంది. ముందు దవడ బిగుస్తుంది, తర్వాత ఒళ్లంతా విల్లులా వంగిపోతుంది. ఒకసారి వచ్చి బతికినా మళ్లీ రాదన్న నమ్మకం లేదు, ఎందుకంటే మనిషిని చంపేంత విషం కూడా శరీరం గుర్తుపెట్టుకోలేనంత కొద్ది మోతాదే. కాబట్టి కోలుకున్నవాళ్లకూ టీకా వేస్తారు. గర్భిణులకు ధనుర్వాతం టీకా వేయడం, కాన్పులు ఆసుపత్రిలో జరగడం పెరిగాక 2015లో భారతదేశం తల్లీ బిడ్డల ధనుర్వాతాన్ని అదుపులోకి తెచ్చిన దేశంగా గుర్తింపు పొందింది.

ఖత్నా విషయంలో ఇంకా జాగ్రత్త అవసరమైన కుటుంబాలు ఉన్నాయి. కత్తిని వేడినీళ్లలో మరిగించడం, మంట మీద ఒక్కసారి చూపించడం స్పోర్లను చంపవు. ప్రెషర్ కుక్కర్ లాంటి ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల ఆవిరిలో కనీసం పదిహేను నిమిషాలు ఉంచితేనే చస్తాయి. గాయం మీద బూడిద, పొడులు చల్లడం స్పోర్లను చేతులారా పెట్టడమే. సర్జన్ దగ్గర చేయించినా, అనుభవం ఉన్న మనిషి దగ్గర చేయించినా పనిముట్లు ఆటోక్లేవ్ చేసినవేనా, బ్లేడు కొత్తదేనా అని అడగడం తండ్రి హక్కు. బాబుకు వయసుకు తగ్గ టీకాలు పడ్డాయా అన్నది అంతకుముందే చూసుకోవాలి.

స్పోర్ల జాతిలోదే ఆంత్రాక్స్ కూడా. ఉన్నట్టుండి చచ్చి, ముక్కు నుంచో నోటి నుంచో గడ్డకట్టని నల్లటి రక్తం కారుతున్న మేక, గొర్రె జోలికి వెళ్లకూడదు. ముర్దార్ మాంసం ఎలాగూ ఎవరూ తినరు, కానీ తోలు కోసం ఒలిచేవాళ్లు, తోళ్ల వ్యాపారంలో ఉన్నవాళ్లు ఉన్నారు. కళేబరాన్ని కోస్తే లోపలి బ్యాక్టీరియాకు గాలి తగిలి స్పోర్లుగా మారుతుంది, ఆ నేల ఏళ్ల తరబడి ప్రమాదకరమే. పశువైద్యుడికి చెప్పి, లోతుగా పూడ్చాలి. అలాంటి పని చేసినవాళ్ల చేతి మీద నొప్పి లేని పుండు లేచి మధ్యలో బొగ్గులా నల్లబడితే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. తొందరగా వెళ్తే మామూలు యాంటీబయాటిక్‌లతోనే నయమవుతుంది.

ఇక మొదట చెప్పిన ల్యాబ్ కాగితం. కల్చర్ రిపోర్టు వచ్చాక అందులో మందుల పేర్లు వరుసగా ఉండి, పక్కన ఎస్, ఐ, ఆర్ అని అక్షరాలు ఉంటాయి. ఎస్ అంటే ఈ బ్యాక్టీరియా ఆ మందుకు లొంగుతుంది. ఆర్ అంటే లొంగదు. ఐ అంటే మధ్యరకం, మోతాదు పెంచితే పనిచేయవచ్చు. ఎస్ ఉన్న మందులు నాలుగున్నా డాక్టరు అన్నింటికంటే పాతదాన్ని, చౌకదాన్ని రాస్తే అది నాసిరకం వైద్యం అనుకోనవసరం లేదు, పెద్ద మందును తర్వాతి అవసరానికి దాచుకోవడమే అది. యాంటీబయాటిక్ మొదటి డోసు పడకముందే స్వాబ్ తీయాలి, పడ్డాక తీస్తే బ్యాక్టీరియా పెరగక రిపోర్టు ఖాళీగా రావొచ్చు. గొంతు, చీము, మూత్రం, ఏ కల్చర్ రిపోర్టు అయినా ఫొటో తీసి ఫోన్‌లో ఉంచుకుంటే, ఆరు నెలల తర్వాత అదే మనిషికి మళ్లీ ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు కొత్త డాక్టరు ముందు అడిగేది దాన్నే.